గంగులు గురి

కొత్తవలస,
ఆగస్టు 25.

అమ్మకు నీ పెద్దకూతురు లీలారాణి వందనాలు.

దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం, నీ అల్లుడుగారి మోకాలు తప్ప. అక్కడ నువ్వు, షీబా, మరిదిగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. కిరండూల్లో వాన తెరిపి ఇవ్వడం లేదని, గోడలకి చెమ్మెక్కి నీ బైబిలు అట్ట ఉబ్బిందని రాశావు. దాన్ని మాత్రం ఎండలో పెట్టకు. ఎందుకు వద్దంటున్నానో ఈ ఉత్తరంలోనే ముందుకు వెళితే తెలుస్తుంది.

అక్షరాలు పెద్దవిగా రాయమన్నావు కాబట్టి ఒక గీత విడిచి ఒక గీత మీద రాస్తున్నాను. అందుకే కవరు ఇంత లావు. ఫోనులో నీకు వినపడదు. షీబా చేత చదివించుకుంటే తనకి నచ్చని ముక్కలన్నీ మింగేసి "అందరూ బాగున్నారంట" అని తేల్చేస్తుంది. ఇది నువ్వే అద్దం పెట్టుకుని చదువుకో. తర్వాత కావాలంటే షీబాకి ఇవ్వు, ఐదో కాగితం తీసేసి.

నీ పోయిన ఉత్తరంలో నాలుగు ప్రశ్నలున్నాయి. మొదటిది తమ్ముడి గురించి. "ఎలీషా జీడితోటలో తుపాకులు పెట్టాడట, మన ఇంటా వంటా లేని పని" అని రాశావు. అవి తుపాకులు కావమ్మా. చూడ్డానికి అలాగే ఉంటాయి గాని, గాలి సిలిండరుతో పని చేస్తాయి. ట్రిగ్గరు నొక్కితే రంగు నింపిన గోళీ ఒకటి ఎగిరి వెళ్ళి, తగిలిన చోట పగిలి రంగు పూస్తుంది. రెండు జట్లుగా విడిపోయి చెట్ల చాటునా, ఇసుక బస్తాల చాటునా నక్కి ఒకరినొకరు కొట్టుకుంటారు. రంగు పడ్డవాడు ఆటలోంచి అవుట్. దీన్నే పెయింట్ బాల్ అంటారు. పాస్టరుగారు కూడా తుపాకీ అనగానే ప్రారంభ ప్రార్థనకి రానన్నారు. "తుపాకీ కాదండీ, దీన్ని మార్కర్ అంటారు" అని ఎలీషా చెప్పాక వచ్చారు. ప్రార్థన అయిన వెంటనే మొదటి గోళీ ఆయనే పేల్చారు. రెండోది కూడా అడిగి పేల్చారు.

గోళీ దేనితో చేస్తారు, తగిలితే ప్రమాదమా అని అడిగావు. జ్వరానికి వేసుకునే గొట్టం మాత్ర లేదూ, దాని తొక్క లాంటిదే పైన పలచటి పొర. లోపల నీళ్ళతో కడిగితే పోయే రంగు. పరిమాణం రాచ ఉసిరికాయకి కొంచెం తక్కువ. తగిలితే చురుక్కుమని నొప్పి పుట్టి కములుతుంది, అంతే. కళ్ళకి తగిలితే మాత్రం ప్రమాదం. అందుకని మొహానికి ముసుగు లేకుండా ఎవరినీ లోపలికి పంపరు.

మూడోది, డబ్బిచ్చి ఎవరైనా ఒంటికి రంగు పూయించుకుంటారా అని. అమ్మా, విశాఖ నుంచి కార్లు వేసుకుని వస్తున్నారు. ఆఫీసుల్లో పై అధికారిని ఏమీ అనలేనివాళ్ళు ఎక్కువగా వస్తారని ఎలీషా అంటాడు.

ఇక నాలుగోది గంగులు కళ్ళ గురించి. దానికి ఒక్క ముక్కలో జవాబు రాయలేను.

అవును, తాతయ్య జొన్నచేలో మంచె మీద నిలబడి ఒడిసెల తిప్పి పిట్టల్ని తోలిన గంగులే. ఇప్పుడు అరవైకి దగ్గరలో ఉన్నాడు. ఎలీషా ఆటస్థలం తెరిచిన రోజు నుంచీ మార్కర్లు శుభ్రం చేసేదీ, వచ్చినవాళ్ళకి ఎలా పట్టుకోవాలో చూపించేదీ ఆయనే. ఆట మొదలయ్యే ముందు ఒక తంతు ఉంది. ముప్ఫై అడుగుల దూరంలో జీడిచెట్టు మొదలుకి ఒక స్టీలు పళ్ళెం మేకుతో కొట్టి ఉంటుంది. గంగులు వరసగా పది గోళీలు దాని మీదికి వదులుతాడు. పళ్ళెం పదిసార్లు టంగుమంటుంది. పాంట్ల జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డ పట్నం పిల్లలు అప్పుడు చేతులు బయటికి తీసి చప్పట్లు కొడతారు. ఆ తర్వాత ఆయన ముసుగు తీయవద్దంటే తీయరు, గీత దాటవద్దంటే దాటరు. పళ్ళెం మోగితేనే ఆయన మాట చెల్లుతుంది.

ఈ నెల మొదటి శనివారం ఆ పళ్ళెం మూడుసార్లే మోగింది. గంగులు మార్కరుని తిప్పి తిప్పి చూశాడు, గాలి చూశాడు, తల గోక్కున్నాడు. రెండో శనివారం ఒక్కసారి మోగింది. ఒకమ్మాయి నవ్వు ఆపుకోలేక, "తాతగారూ, పళ్ళేన్ని బతకనివ్వాలని చూస్తున్నారా?" అంది. ఆ రోజు ముసుగు తీయవద్దని ఆయన ఎంత మొత్తుకున్నా ముగ్గురు తీసేశారు.

గంగులు భార్య కూర్మమ్మ సంగతి నీకు తెలుసు కదా, మాట పదును. "ఇన్నేళ్ళూ కూరలో కరేపాకు ఏరుకోడానికి కళ్ళు బాగానే ఉన్నాయి, పళ్ళెం దగ్గరికొచ్చేసరికి పోనాయేటి?" అని దెప్పి, విజయనగరం కళ్ళాసుపత్రికి లాక్కెళ్ళింది. డాక్టరు గంటసేపు పరీక్షించి దూరపు చూపు బ్రహ్మాండంగా ఉందన్నాడట. కూర్మమ్మ ఒప్పుకోలేదు. "బాగుంటే పళ్ళెం ఎందుకు మోగనేదు బాబూ? ఇంత దూరం వచ్చినాం, ఏదో ఒక కళ్ళజోడు రాయండి" అని కూర్చుంది. ఆయన పాపం, పేపరు చదువుకునే అద్దాలు రాసిచ్చాడు. గంగులు పేపరు చదవడు. వాటికి తాడు కట్టి, మెళ్ళో వేసుకుని, మూడో శనివారం అవి పెట్టుకునే పేల్చాడు. పళ్ళెం ఒక్కసారీ మోగలేదు. ఎలీషా కొత్త మోటారు సైకిలు సీటు మాత్రం నీలంగా మారింది.

ఆ సాయంత్రం ఎలీషా మా ఇంటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు.

"అప్పా, నాకు మనసొప్పడం నేదు గాని ఏటి సెయ్యను? ఆయన్ని సూసి జనం నవ్వితే ఆయన మాట ఎవుడు వింటాడు? ఎవుడి కంటికో దెబ్బ తగిలితే నేను జైల్లో ఉంటాను. ఒకటో తారీకు నించి విజినారం నుంచి ఒకతన్ని రమ్మన్నాను. గంగులు మావకి గేటు కాడ కుర్సీ ఏస్తాను."

ఆ మాట అప్పటికే గంగులుకి చెప్పాడట. గంగులు మార్కరు కింద పెట్టి, "గేటు కాడ కూకోడానికి కళ్ళక్కర్నేదేటి బాబూ?" అని అడిగి ఇంటికి వెళ్ళిపోయాడట. మళ్ళీ రాలేదు. నలభై ఏళ్ళపాటు చుట్టుపక్కల ఏ ఊళ్ళో గురి మాట వచ్చినా గంగులు పేరే చెప్పేవారు. మూడు శనివారాల్లో గుడ్డి గంగులు అయిపోయాడు.

ఇప్పుడు విను. గంగులు కళ్ళకి ఏ జబ్బూ లేదు. తప్పంతా గోళీలది.

ఇది నోటిమాటగా అనడం లేదు, పరీక్ష పెట్టి రాస్తున్నాను. ఆటస్థలంలో గట్టి గది లేదని ఎలీషా గోళీల పెట్టెలన్నీ మా మధ్యగదిలోనే పెడతాడు. పెట్టెకి రెండు వేల గోళీలు. ఏ పెట్టె ఎప్పుడొచ్చింది, ఎప్పుడు వెళ్ళింది అంతా ఒక నోటుపుస్తకంలో రాస్తాను. గంగులు గురి తప్పిన మూడు శనివారాలూ వాడింది ఏడో నంబరు పెట్టె. అంతకు ముందు వరకూ ఆరో నంబరు. అందుకని ఏడో పెట్టెలోంచి ఇరవై, ఎనిమిదో పెట్టె సీలు తీసి ఇరవై గోళీలు తీసుకుని పక్కపక్కన పెట్టాను. గోళీ గుండ్రంగా ఉందో లేదో కంటితో చూస్తే తెలియదు. నా పెళ్ళి ఉంగరం దానికి సరిగ్గా సరిపోయింది. ఎనిమిదో పెట్టె గోళీలు ఎటు తిప్పినా ఉంగరంలోంచి ఒకేలాగా జారాయి. ఏడో పెట్టెవి ఒక వైపు నుంచి వదులుగా జారిపోతాయి, పక్కకి తిప్పితే ఇరుక్కుపోతాయి. కొన్నిటికి బుగ్గన సొట్టలు.

ఆ ఉంగరం తీయడానికి సబ్బు, కొబ్బరినూనె, అరగంట పట్టింది. నీ అల్లుడుగారు అప్పుడే స్టేషను నుంచి వచ్చి నా వేలు చూశారు. చేతిలో సంచి అలాగే ఉంది.

"ఒసే లీలా, ఉంగరం ఏదే?"

"తీశాను."

"ఇరవయ్యారేళ్ళలో నేనొక్కసారైనా నిన్ను పల్లెత్తు మాట అన్నానా? కిందటి వారం సాంబారు నీళ్ళలాగుందన్నాను, నిజమే. దానికేటి ఉంగరమే తీసేస్తావా?"

"సాంబారుకి కాదండీ, గోళీలు కొలవడానికి."

ఆయన కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, "నాకేటో గుండె ఆగినట్టయింది. ముందు అది తొడుక్కుని మాట్లాడు" అన్నారు. కొలవడం ఇంకా పదకొండు గోళీలు మిగిలి ఉంది కాబట్టి పావుగంట ఆగమన్నాను.

తర్వాత పేల్చి చూడాలి. మనిషి చెయ్యి వణికితే పరీక్ష చెడుతుంది. అందుకని ఇంట్లో ఉన్న పాత మార్కరుని కుట్టుమిషను బల్లకి తాడుతో బిగించి కట్టి, పెరటి గోడ మీద సుద్దతో పళ్ళెమంత చుట్టు గీశాను. ఎనిమిదో పెట్టెవి ఇరవైలో పద్దెనిమిది చుట్టులోనే పడ్డాయి. ఏడో పెట్టెవి నాలుగే పడ్డాయి. గుండ్రటి గోళీ గొట్టంలోంచి నిండుగా వచ్చి తిన్నగా పోతుంది. సొట్ట ఉన్నదాన్ని గాలి ఒక పక్క పట్టుకుంటుంది కాబోలు, సగం దూరం బాగానే వెళ్ళి, ఏదో మర్చిపోయినట్టు పక్కకి తిరుగుతుంది. సన్నబడ్డ గోళీ పక్కల నుంచి గాలి తప్పించుకుపోతుంది, అది చేరకముందే కింద పడుతుంది. ఉబ్బింది గొట్టంలోనే పగులుతుంది. ఒకటి పగిలిందంటే ఆ తడి తుడిచేదాకా తర్వాతవి బాగున్నవైనా అడ్డదిడ్డంగా పోతాయి. కుట్టుమిషనుకి కళ్ళు లేవు కదా అమ్మా, దానికీ గురి తప్పింది.

రెండు గోళీలు గోడ దాటి పక్కింటి ధనలక్ష్మి ఆరేసిన తెల్ల లంగాకి తగిలాయి. ఆవిడ గోడ మీంచి తల పెట్టి, "ఏటి లీలమ్మా, మీ ఆదివారం బడిలో ఇప్పుడివి నేర్పుతన్నారేటి?" అంది. లంగా తెచ్చి ఉతికి, గంజిపెట్టి ఇచ్చాను. మరక పోయింది. ఆవిడ చెప్పడం మాత్రం ఇంకా చెపుతూనే ఉంది.

ఇక్కడికి ఐదో కాగితం వచ్చింది.

ఏడో పెట్టె గోళీలు అలా ఎందుకయ్యాయో ఇంతవరకూ రాయలేదు. వాటిని పాడుచేసింది నేను.

జూలై నెలాఖరులో పదిరోజులు ముసురు పట్టింది. ఏడో పెట్టె తెరిచి చూస్తే గోళీలు చేతికి జిగురుగా తగిలాయి, వానాకాలం బెల్లంలాగ. పదకొండో రోజున ఫెళ్ళున ఎండ కాసింది. ఇంట్లోకి వచ్చిన ఏ సరుకైనా చెమ్మ తగిలితే ఎండ మొహం చూడాలని నువ్వే కదా నేర్పావు. నేరం నీ మీదికి తోయడం లేదు, చెప్తున్నాను. కందిపప్పు ఎండబెట్టాను, చింతపండు ఎండబెట్టాను, పరుపులు ఎండబెట్టాను. అదే చేత్తో మేడ మీద పాత చీర పరిచి రెండు వేల గోళీలూ పరిచేశాను. కాకులు ముట్టకుండా కర్ర పట్టుకుని పక్కనే కూర్చున్నాను కూడా.

మధ్యాహ్నానికి అవి మెత్తబడి ఇడ్లీల్లాగ అడుగున కూర్చుండిపోయాయి. కంగారుపడి వడియాలు తిరగేసినట్టు ఒక్కొక్కటీ తిరగేశాను. దాంతో రెండో వైపూ అణిగింది. సాయంత్రం చల్లబడ్డాక కొన్ని ముడుచుకుని సొట్టలు పడ్డాయి. ఒకదానికొకటి అంటుకుంటుంటే పట్టుగుడ్డలో జల్లించిన బియ్యప్పిండి చల్లి విడదీశాను. మళ్ళీ సంచుల్లో నింపి, మూతులు కొవ్వొత్తి మంట మీద అతికించి, కొత్తవాటిలా పెట్టెలో పేర్చాను. నోటుపుస్తకంలో "7వ పెట్టె, ఎండబెట్టినవి, బాగున్నాయి" అని రాసుకుని, ఇంత పొందిక ఇంకెవరికుంటుందని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఇంతవరకూ తెలియక చేసిందే. తర్వాతది తెలిసి చేసింది.

రెండో శనివారం సాయంత్రం గంగులు మా ఇంటికొచ్చాడు. గొట్టం తుడిచిన గుడ్డ తెచ్చి నా ముందు పరిచాడు. గుడ్డనిండా నీలం ముద్ద.

"లీలమ్మా, గొట్టంలో ఏటో పిండిలాగ పేరుకుంటన్నాది సూడు. నిజంగా ఉన్నాదా, నా కళ్ళకే అలగ కనపడతన్నాదా?"

చూడగానే తెలిసింది. నేను జల్లించిన పిండి నాకు తెలియదా? నోరు తెరిచి చెప్పాల్సిన క్షణం అదే. నేను, "రంగు ఎండి పొడి అయి ఉంటుంది మావా" అన్నాను.

"అలగయితే నా కళ్ళేనమ్మా" అని గుడ్డ మడుచుకుని వెళ్ళిపోయాడు.

నీకు పోయిన ఉత్తరం రాసింది ఆ రాత్రే. "గంగులుకి చూపు మందగించింది, పాపం" అని నా చేత్తో రాశాను. నువ్వు దాన్ని నమ్మి కిరండూల్లో శుక్రవారం స్త్రీల కూటంలో ఆయన కళ్ళ కోసం ప్రార్థన పెట్టించావు. ఒకామె ఉపవాసం కూడా ఉందని రాశావు. ఆ ముక్క చదివి నాకు అన్నం సయించలేదు. ఆ ప్రార్థన ఆపించు. ఎందుకని అడిగితే ఏం చెప్తావో నీ ఇష్టం, ఉపవాసం ఉన్నావిడకి మాత్రం నా తరఫున క్షమాపణ చెప్పు.

ఎందుకు దాచావంటావు. గుడిలో ప్రభురాత్రి భోజనం గ్లాసులు నా దగ్గరే ఉంటాయి. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా మిగిలిన సరుకు నా దగ్గర పెడతారు. లీల దగ్గర పెట్టింది పాడవదని అందరూ అంటారు. నాకున్న పేరు అదొక్కటే. గంగులుకి ఉన్న పేరూ ఒక్కటేనని నాకు తట్టలేదు. తట్టలేదని రాయడం కూడా అబద్ధమే, తట్టింది. కుట్టుమిషను పరీక్ష నా పిండి వల్ల కాదేమోనన్న ఆశతోనే పెట్టాను. అయింది.

కిందటి ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయానికి లేచి నిలబడ్డాను. "నాకు అప్పగించిన సరుకు విషయంలో నేను నమ్మకంగా ఉండలేకపోయాను, దానివల్ల ఒకరికి నష్టం కలిగింది, ప్రభువు నన్ను క్షమించాలి" అన్నాను. నూట ముప్ఫైమంది ఆమేన్ అన్నారు. పాస్టరమ్మగారు వచ్చి కౌగిలించుకున్నారు. బరువు దిగినట్టయి, ఇంటికొచ్చి కోడికూర వండాను.

నీ అల్లుడుగారు ముక్క కొరుకుతూ, "గంగులు ఏ గుడికి వస్తాడే?" అని అడిగారు.

"ఆయన మన గుడికెందుకు వస్తాడు?"

"మరి సాక్ష్యం ఎవులికి సెప్పినావు?"

ఆయన రెండో ముక్క అందుకుని, "దేవుడికి ముందే తెలుసు. మిగతా నూట ముప్ఫైమందికీ ఆ సరుకేటో, ఆ ఒకరెవులో ఇప్పటికీ తెలీదు" అన్నారు. ఆయన ఇలాంటి మాటలు ఏడాదికొకటే మాట్లాడతారు. అదీ నేను వండిన కూర తింటూ.

ముందు ఎలీషాకి చెప్పాను. వాడు నన్ను ఎగాదిగా చూశాడు.

"అప్పా! వాటిని ఎండబెట్టడమేటప్పా? సల్లగా, పొడిగా ఉంచాలని పెట్టె మీద రాసే ఉంది కదా. ఇంగ్లీషయితే నువ్వు బియ్యే సదివినావు కదా!"

"చదివానురా. పొడిగా ఉంచమన్నారనే ఎండబెట్టాను."

"మరి సల్లగా?"

"సాయంత్రం చల్లార్చాను."

వాడు తల పట్టుకున్నాడు. ఆ వెంటనే విజయనగరం అతనికి ఫోను చేసి రావద్దన్నాడు. గంగులుని పిలవడానికి మనిషిని పంపాడు. గంగులు రానన్నాడట. నవ్విన ఊరి ముందు మళ్ళీ నవ్వించుకోను, పిట్టలు తోలుకునైనా బతుకుతానన్నాడట. జొన్నచేలే లేని రోజుల్లో ఏ పిట్టలు తోలతాడమ్మా? మంగళవారం నేనే బయలుదేరాను.

గంగులు అరుగు మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకునీ తీసీ, తీగ మీది కాకిని చూసుకుంటున్నాడు. కూర్మమ్మ చింతచిగురు ఏరుతోంది. నిలబడే మొత్తం చెప్పాను. ఎండ, వడియాలు, పిండి, కొవ్వొత్తి, ఆ రోజు గుడ్డ చూసి నేనాడిన అబద్ధం, ఏదీ విడవలేదు.

కూర్మమ్మే ముందు నోరు తెరిచింది. "ఒలమ్మో ఒలమ్మో! ఇరవై రోజుల్నించి ఈయన్ని గుడ్డోడని తిట్టినాను గదే!"

"అంతకు ముందేటి ముద్దుగా పిలిసినావా?" అన్నాడు గంగులు. నా వైపు చూడలేదు. కాకినే చూస్తూ, "ఈ సంగతి ఎంతమందికి సెప్పినావమ్మా?" అన్నాడు.

"మా వాళ్ళకీ, ఎలీషాకీ. గుడిలో కూడా లేచి చెప్పాను గాని, అర్థమయ్యేలా చెప్పలేదు."

"నా కళ్ళు పోనాయని ఎంతమందికి తెలుసు?"

"అందరికీ."

"మరదే. నువ్వొచ్చి నా అరుగు మీద సెప్పితే కాకి ఇన్నాది, కూర్మి ఇన్నాది. కూర్మి ఊరంతా సెప్పుద్ది, నిజమే, గాని దాని మాట ఎవులు నమ్ముతారు?"

"నేనూ చెప్తాను మావా. ఎక్కడ చెప్పమంటే అక్కడ చెప్తాను. కాగితం మీద రాసి ఇస్తాను."

"కాగితం వద్దు." అప్పుడు నా మొహంలోకి చూశాడు. "నా సూపు బాగున్నాదని నువ్వు నమ్ముతన్నావా?"

"నమ్ముతున్నాను."

"అలగయితే శనివారం ఆ పళ్ళెం సెట్టుకి కొట్టొద్దు. నువ్వు పట్టుకో."

అమ్మా, నేను ఆలోచించుకోవడానికి రెండు రోజులు గడువు అడుగుదామనుకున్నాను. కూర్మమ్మ చింతచిగురు చేట పక్కన పెట్టి నన్నే చూస్తోంది. సరేనన్నాను.

నిన్న శనివారం. విశాఖ నుంచి ఒక ఆఫీసువాళ్ళు ఇరవై నాలుగు మంది వచ్చారు. మన ఊరివాళ్ళు ఇంకో యాభైమంది కంచె పట్టుకుని నిలబడ్డారు, కూర్మమ్మ పుణ్యమే. ధనలక్ష్మి కుర్చీ తెచ్చుకుంది. నీ అల్లుడుగారు మోకాలు ఈడ్చుకుంటూ వచ్చి, నొప్పిమందు డబ్బా చేతిలో సిద్ధంగా పట్టుకున్నారు. ఎలీషా, "అప్పా, ఇదేటి పట్టుదల, నామాట విని పళ్ళెం నాకిచ్చీ" అని బతిమాలాడు. ఇవ్వలేదు. మొహానికి ముసుగు కట్టుకున్నాను. చీర మీద రొమ్ముకి అడ్డుపెట్టే దళసరి కవచం బిగించాడు. గాజులు తీసి ధనలక్ష్మికి ఇచ్చాను. పరీక్షలో నెగ్గిన ఎనిమిదో పెట్టెనే అందరి ముందూ తెరిపించాను.

ముసుగు పైకెత్తి జనంతో చెప్పాను. "నా పేరు లీలారాణి. ఈ గంగులు మావ గురి మూడు వారాలు తప్పిందని మీరు విన్నారు, కొందరు చూశారు. ఆయన కళ్ళలో ఏ లోపమూ లేదు. గోళీల్ని ఎండబెట్టి పాడుచేసింది నేను. తెలిసి కూడా ఆయన అడిగిన రోజున దాచాను." ముసుగు మళ్ళీ దించుకున్నాను. ఎవరూ ఆమేన్ అనలేదు.

ముప్ఫై అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, చెట్టుకి వీపు ఆనించి, పళ్ళేన్ని రొమ్ముకి ఎదురుగా రెండు చేతులతో పట్టుకున్నాను. గంగులు కళ్ళజోడు తీసి కూర్మమ్మకిచ్చాడు. ఆవిడ దాన్ని కొంగున కట్టుకుంది. ఆయన మార్కరు భుజానికి ఎత్తాడు.

మొదటిది టంగుమంది. పళ్ళెం అంచులు అరచేతుల్లో జివ్వుమన్నాయి. రెండోది అదే చోట. మూడు, నాలుగు. నేను ఒకటొకటీ పైకే లెక్కపెట్టాను, భయానికి అదే పని. ఐదో దానికి కంచె దగ్గర ఈలలు మొదలయ్యాయి. ఆరు, ఏడు, ఎనిమిది. పళ్ళెం మధ్యనుంచి నీలం రంగు నా వేళ్ళ మీదుగా కారుతోంది. తొమ్మిది అనేసరికి ఆఫీసువాళ్ళంతా చప్పట్లు కొడుతున్నారు, కూర్మమ్మ ఏడుస్తోంది. నేను నవ్వుతున్నానని ముసుగులో ఎవరికీ కనపడలేదు.

పదోది వచ్చి నా ఎడమ భుజం మీద, కవచం అంచుకి సరిగ్గా రెండు వేళ్ళ అవతల, ఫట్టున పగిలింది.

చప్పట్లు ఆగిపోయాయి. నీ అల్లుడుగారు మోకాలి సంగతి మర్చిపోయి పరిగెత్తారు. ఎలీషా నా భుజం చూసి, గంగులు వైపు తిరిగి, "అయ్యో మావా, పదోది తప్పిందేటి?" అన్నాడు.

గంగులు మార్కరు కిందికి దించి, గొట్టంలో గుడ్డ దోపుతూ, "తప్పనేదు బాబూ. తగిలింది" అన్నాడు.

అని, ఆఫీసువాళ్ళ వైపు తిరిగి, ముసుగు ఎలా కట్టుకోవాలో చెప్పడం మొదలుపెట్టాడు. ఇరవై నాలుగు మందీ నోరు మూసుకుని విన్నారు. నేనూ చెట్టు దగ్గరి నుంచి కదలకుండా విన్నాను.

ఇట్లు,
భుజాన నొప్పిమందు రాసుకుని, ఒక పక్కకే తిరిగి పడుకుంటున్న
నీ పెద్దకూతురు
లీలారాణి